పదిహేడో రెక్క, తాన్ మాస్టారి పన్ను

మా ఫ్యాక్టరీకి పేరు లేదు, నంబరే. ఆ నంబరు బయట చెప్పకూడదని ప్రతి సోమవారం పొద్దున మైకులో నంబరుతో సహా చెబుతారు. ఆ మైకు కొండ అవతల ముల్లంగి అమ్ముకునేవాళ్లకి కూడా శుభ్రంగా వినిపిస్తుంది. శత్రువు విమానాలకి కనబడకూడదని చైనాకి నైరుతి మూల గ్వీజౌ కొండల మధ్య ఇంత లోతున కట్టారట. శత్రువు సంగతేమో గానీ, మాకు సూర్యుడే సరిగ్గా కనబడడు.

మేం చేసేది యుద్ధ విమానాల ఇంజన్లు. చేశాం అని ఎవరూ అనరు, చేస్తున్నాం అంటారు. నేను చెప్పేది 1999 సంగతి. అప్పటికి ఒక కొత్త ఇంజను పన్నెండేళ్లుగా చేస్తున్నాం. దాన్ని షెడ్డులో బిగించి మూడు వందల గంటలు నడపాలి. మధ్యలో ఏదైనా జరిగి, తప్పు ఇంజనుదే అని తేలితే మళ్లీ మొదటి గంట నుంచి మొదలు. ఆరు ఇంజన్లు అలా పోయాయి. ఒకటి కాలింది, ఒకటి పగిలింది, ఒకటి నూనెంతా కక్కి చల్లగా ఆగిపోయింది. మిగతా మూడింటి గురించి ఎత్తితే మా లువో డైరెక్టరుకి రక్తపోటు వచ్చేది.

ఏడోది మాత్రం బుద్ధిగా నడుస్తోంది. ఆ అక్టోబరు ఒకటికి దేశానికి యాభై ఏళ్లు నిండుతాయి. ఆలోపు మూడు వందల గంటలూ పూర్తిచేసి కానుకగా సమర్పిస్తామని లువో పైవాళ్లకి ఉత్తరం రాసేశాడు. దేశం అడగలేదు. అయినా మా దగ్గర అదొక అలవాటు. పెద్ద పండగ వస్తోందంటే ఎవరి పని వాళ్లు పూర్తిచేసి కానుక అనాలి. ఆ ఏడు క్యాంటీను వాళ్లు కొత్త పందుల దొడ్డి కానుకిచ్చారు. అది చెప్పిన రోజుకే పూర్తయింది.

నా పేరు యాన్ షూ. అప్పటికి నాకు ముప్పై ఒకటి. షెడ్డులో నా పని బోర్డు రాయడం. ఇంజను గాలి పీల్చుకునే గొట్టంలోకి మనిషి పాక్కుంటూ వెళ్లి రెక్కలు చూసి రావాలి. లోపల ఒక్క బొత్తాం జారిపడినా, ఇంజను నడిచేటప్పుడు అది రెక్కల్లోకి పోయి వాటిని చీల్చేస్తుంది. అందుకని లోపలికి వెళ్లేవాళ్లకి జేబులు లేని బట్టలు, కాళ్లకి మేజోళ్లు. ఒంటి మీదున్న ప్రతి వస్తువూ బోర్డు మీద రాస్తాను. బయటికొచ్చాక మళ్లీ సరిచూస్తాను. తేడా వస్తే అది దొరికేదాకా ఎవరూ ఇంటికి పోరు. ఒకాయన పెళ్లి ఉంగరం వేలికి పట్టేసి రాకపోతే, ముందు సబ్బు వాడాం, తర్వాత రంపం వాడాం. ఆయన భార్య ఇప్పటికీ నాతో మాట్లాడదు. కళ్లద్దాలు రాశాం, తాయెత్తులు రాశాం, బొడ్డు మీద అంటించుకున్న మందు పట్టీ కూడా రాశాం. నోట్లో ఏముందో మాత్రం ఎవరూ రాయలేదు.

లోపలికి వెళ్లేది తాన్ మాస్టారు. తాన్ దషౌ, యాభై తొమ్మిదేళ్లు, డిసెంబరులో రిటైరవ్వాలి. నేను ఆయన శిష్యురాలిని. పదకొండేళ్లుగా ఆయనకి టీ పోస్తూ, ఆయన చేత తిట్లు తింటూ నేర్చుకుంటున్నాను. ఆయన టార్చి పేరుకే పట్టుకెళ్లేవారు. లోపల కళ్లు మూసుకుని ఒక్కో రెక్క అంచునీ చూపుడు వేలితో తడిమేవారు. పరికరాలకి దొరకని గంటు ఆ వేలికి దొరికేది. అందుకని ఆ వేలితో ఆయన మిరపకాయ కూడా ముట్టుకునేవారు కాదు. గ్వీజౌలో మిరపకాయ ముట్టుకోకుండా బతకడం సన్యాసం కంటే కష్టం.

ఆయనకి పైన ముందు పళ్లు రెండు కట్టుడువి. ఎప్పుడో పానా జారి అసలువి పోయాయి. పట్నం డాక్టరు చేసిచ్చినవి బిగుతుగా నిలవకపోతే, మా వర్క్‌షాపు వాళ్లు ఇంజను రెక్కలు చేయగా మిగిలిన టైటానియం తుక్కుతో తీగ కొక్కెం చేసి పెట్టారు. మా వర్క్‌షాపులో తుక్కుతో చేయని వస్తువు లేదు. గరిటెలు, గాలాలు, పిట్టల పంజరాలు. దేశ రహస్యంతో మేం సూప్ కలుపుకునేవాళ్లం. చేతి అలవాటు కొద్దీ వాళ్లు ఆ కొక్కెం మీద ఏడాది నంబరు కూడా కొట్టారు: 86.

సెప్టెంబరు ఇరవై నాలుగున రెండు వందల అరవై ఎనిమిది గంటలు పూర్తయ్యాయి. తనిఖీకి ఇంజను ఆపారు. ఆ మధ్యాహ్నం క్యాంటీనులో జిగురు బియ్యం ముద్దలు. మాస్టారికి ప్రాణం. మూడు తిన్నారు. నాలుగోది తింటుండగా మైకులో పిలిచారు, ఆదరాబాదరాగా లేచి వచ్చారు. రెండో టార్చి పట్టుకోవడానికి నేనూ ఆయన వెనకాల గొట్టంలోకి వెళ్లాను. లోపల దుమ్ముకి మాస్టారు పెద్దగా తుమ్మారు. తర్వాత అరగంట సేపు రెక్కల్ని తడిమి బయటికొచ్చారు.

"పదిహేడోది బాలేదు," అన్నారు మేజోళ్లు దులుపుకుంటూ. "పై మూల దగ్గర వెంట్రుక తగిలింది."

నాణ్యత సెక్షను పాంగ్ నా తల వంక చూశాడు. "వెంట్రుకా? ఎవరిది?"

"వెంట్రుకంత గీతయ్యా. పగులు."

పాంగ్‌కి నియమాల పుస్తకమే తల్లీ తండ్రీ. అతను పదిహేడో రెక్క మీద పగుళ్లు చూపించే రంగు పూశాడు, తుడిచాడు, దీపం పెట్టి చూశాడు. ఏమీ కనబడలేదు.

"రంగు పట్టలేదు మాస్టారూ. నియమం ప్రకారం పగులు లేదు."

"అయితే నీ నియమాన్ని లోపలికి పంపి తడమమను."

లువో డైరెక్టరు వాచీ చూసుకున్నాడు. "ఇంకా ముప్పై రెండు గంటలే మాస్టారూ. మీ వేలికేమైనా సర్టిఫికెట్టు ఉందా? రంగుకి ఉంది."

మాస్టారు మామూలుగా అయితే దానికి రెండు తిట్లు జవాబు చెప్పేవారు. ఆ రోజు ఏదో గొణిగారు, మాట సగం గాలిలో పోయింది. కోపమేమో అనుకున్నాను. నేను బోర్డు సరిచూసి అన్నీ ఉన్నాయని రాశాను. ఇంజను మళ్లీ నడిపారు.

మూడు గంటల తర్వాత లోపల ఏదో టక్కుమంది. సూదులన్నీ ఒక్కసారి ఎగిరాయి, ఇంజను ఆపేశారు. చూస్తే పదిహేడో రెక్క పై మూల గోరంత ముక్క లేదు. వెనక వరస రెక్కలకి గంట్లు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. బయటి వస్తువు ఏదో పడి రెక్క విరిగితే అది ఇంజను తప్పు కాదు. విరిగిన మూలని ఆకురాయితో నున్నగా చేసి, ఆగిన గంట దగ్గర్నించే నడుపుకోవచ్చు. రెక్క తనంతట తాను విరిగితే మాత్రం ఇంజను విప్పాలి, రెక్క కోసి చూడాలి, పాత గంటలన్నీ గంగలో కలిసినట్టే. కాబట్టి లువోకి బయటి వస్తువు కావాలి. ఏదైనా సరే, అర్జెంటుగా.

గేటు మూసేశారు. నాలుగు వందల మందిమి షెడ్డు ముందు మోకాళ్ల మీద పాకుతూ వెతికాం. పనిముట్లన్నీ ఉన్నాయి. అప్పుడు పాంగ్ బోర్డు దగ్గరికెళ్లి నా పేరు ముందున్న వరస చదివాడు.

"జుట్టు పిన్నులు, ఆరు. కామ్రేడ్ యాన్ షూ, తల ఇటు పెట్టు."

అతనే వేళ్లతో నా తల దువ్వాడు. అయిదే ఉన్నాయి.

"బయటికొచ్చినప్పుడు ఆరు ఉన్నాయి," అన్నాను. "ఇప్పుడిక్కడ వెతుకుతూ పాకేటప్పుడు ఎక్కడో జారి ఉంటుంది."

"ఎవరు సరిచూశారు?"

"నేనే."

"నీ తల నువ్వే సరిచూసుకున్నావా?"

బోర్డు రాసేది నేనైతే నన్ను సరిచూసేదెవరో పన్నెండేళ్లలో ఎవరికీ తట్టలేదు. పాంగ్‌కి ఇప్పుడు తట్టింది. నన్ను షెడ్డులోంచి తీసేసి, తప్పొప్పుకుంటూ కాగితం రాయమని చెప్పారు. రాయాలని కూర్చుంటే ఏం రాయాలో తెలియలేదు. నా పిన్ను వల్లే పోయిందేమో అని నాకే అనుమానం మొదలైంది. పన్నెండేళ్ల ఇంజనుని ఒక జుట్టు పిన్నుతో చంపానన్న పేరుతో ఈ లోయలో ఎలా బతకాలో అర్థం కాలేదు.

మర్నాడు అందరి ముందూ ఆ కాగితం చదవడానికి లేచాను. మాస్టారు నాకంటే ముందు లేచారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ అమ్మాయిని కూర్చోమనండి," అన్నారు. మాటల్లో అక్షరాల కంటే గాలి ఎక్కువుంది. "పోయింది నా పన్ను. గొట్టంలో తుమ్మాను కదా. ఇంటికెళ్లాక చూసుకున్నాను, లేదు. సిగ్గేసి చెప్పలేదు."

చెయ్యి తీశారు. ముందు పళ్లు రెండూ లేవు.

తర్వాత లువో కుర్చీలోంచి లేచి, పరుగెత్తుకెళ్లి మాస్టారిని కౌగిలించుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో డైరెక్టరు కౌగిలించుకోవడం మాస్టారికి అదే మొదటిసారట. నెత్తిన పాలు పోసినట్టయింది లువోకి.

"మీ పన్ను వృథాగా పోలేదు మాస్టారూ," అన్నాడు.

నేను బతికిపోయాను. ఆ సంతోషం ఒక్క నిమిషమే ఉంది, తర్వాత సిగ్గు ముంచుకొచ్చింది. సాయంత్రం మాస్టారి ఇంటికెళ్లాను. వరండాలో కూర్చుని తన చూపుడు వేలునే చూసుకుంటున్నారు.

"పదిహేడోదానికి పగులుందనుకున్నాను షూ. మంచి రెక్కే అట. పగులేమీ లేదు, నా పన్నే పోయి కొట్టింది." వేలు మడిచేశారు. "పళ్లు పోతే పోయాయి. వేలు కూడా ముసలిదైపోయిందన్నమాట."

అది విని నాకు ఏడుపొచ్చింది. ఆయనకి కనబడకుండా లోపలికెళ్లి, వంట చేస్తున్న ఆయన భార్యకి ముల్లంగి తరిగిపెట్టాను.

ఇక పాంగ్ రంగంలోకి దిగాడు. మా దగ్గర ఏ తప్పు జరిగినా దాన్ని సున్నా చేయాలి. దానికి అయిదు షరతులు. ఎక్కడ జరిగిందో తేలాలి, ఎలా జరిగిందో తేలాలి, మళ్లీ జరిపి చూపించాలి, విరుగుడు పనిచేయాలి, అలాంటిది ఇంకెక్కడా లేదని చూసుకోవాలి. రాకెట్లకైనా ఇవే, పళ్లకైనా ఇవే.

మొదటి రెండూ తేలిగ్గా అయిపోయాయి. వెనక రెక్కల గంట్లలో అంటుకున్న లోహాన్ని ల్యాబువాళ్లు పరీక్ష చేశారు. టైటానియం. మాస్టారి కొక్కెం దేంతో చేశారని వర్క్‌షాపు వాళ్లని అడిగారు. అదే టైటానియం, అదే రకం. పాంగ్ ఆ రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టి పెళ్లి జాతకాలు కలిసినట్టు మురిసిపోయాడు. ఇంత బాగా ఎందుకు కలిశాయో ఒక్కరమైనా ఆలోచించామా అంటే, లేదు. నాతో సహా.

మూడోది మళ్లీ జరిపి చూపించడం. వర్క్‌షాపు వాళ్లు ఒక మధ్యాహ్నంలో అచ్చం అలాంటి పళ్లే ఇంకో జత చేసి, కొక్కెం మీద 99 అని కొట్టారు. పెరట్లో పడున్న పాత గొట్టంలోకి మాస్టారిని పంపి తుమ్మమన్నారు. చివర పాంగ్ కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు.

"రావట్లేదయ్యా," అని లోపల్నించి మాస్టారి గొంతు.

"ప్రయత్నించండి మాస్టారూ. దేశం ఎదురుచూస్తోంది."

"దేశాన్ని వచ్చి తుమ్మమను."

మిరప్పొడి తెప్పించారు. పదిసార్లు తుమ్మారు, పళ్లు కదల్లేదు. మా వర్క్‌షాపు వాళ్ల పనితనం అలాంటిది. పదకొండోసారి మాస్టారికి తిక్క రేగి, తుమ్ముతో పాటు పాంగ్ వంశాన్ని కూడా ఏదో అన్నారు. పళ్లు ఎగిరొచ్చి పాంగ్ కళ్లద్దాలకి తగిలాయి. పాంగ్ అద్దాలు తుడుచుకుని ప్రశాంతంగా రాసుకున్నాడు: జరిగింది, పదకొండింట ఒకటి. ఆ పళ్లని సాక్ష్యంగా సంచిలో వేసి సీలు కొట్టాడు. మాస్టారు మళ్లీ బోసినోటితో మిగిలారు.

విరుగుడేమిటంటే, ఇకనుంచి బోర్డు మీద పళ్లు కూడా రాయడం. ఆఖరిది, అలాంటివి ఇంకెక్కడున్నాయో చూడటం. దానికోసం ఫ్యాక్టరీ మొత్తంలో ఒంటి నుంచి ఊడొచ్చే వస్తువులు ఎవరికేమున్నాయో జాబితా తీశారు. నూట ఎనభై మందికి కట్టుడు పళ్లు, ఇద్దరికి గాజు కళ్లు, ఒకరికి కొయ్యకాలు. పాంగ్ ఎవర్నీ వదలడు. జాబితా చివర్లో 'లువో డైరెక్టరు, జుట్టు' అని కూడా ఉంది. అది గోడకి అంటించాక గంటలో చించేశారు, కానీ ఆ గంట చాలు.

సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన బీజింగ్ నుంచి ఇద్దరు వస్తున్నారు. వాళ్లు పాంగ్ రిపోర్టు మీద సంతకం పెడితే, రెక్క మూల నున్నగా చేసి, మిగిలిన ఇరవై తొమ్మిది గంటలూ నడిపేస్తారు. పండగ రోజుకి కానుక సిద్ధం. మాస్టారికి నోటీసు బోర్డు మీద ఒక మందలింపు, అంతే.

ఆ పొద్దున మీటింగుకి ముందు మాస్టారి మగ్గు కడుగుదామనిపించింది. పింగాణీ పూత మగ్గు, మూత ఉంటుంది, మీద ఎర్రగా 'ఆదర్శ కార్మికుడు 1974' అని. ఆయన దాన్ని ఎప్పుడూ కడగనిచ్చేవారు కాదు. లోపల పాతికేళ్ల టీ మరక నల్లగా గారకట్టి ఉంటుంది. ఆ మరక వల్లే టీకి రుచి అని ఆయన నమ్మకం. పాత ఆకు తీయకుండా దానిమీదే కొత్త ఆకు, దానిమీదే వేడినీళ్లు. బీజింగ్ వాళ్ల ముందు అది పెడితే పరువు పోతుందని, ఆయన చూడకుండా పట్టుకెళ్లి కుళాయి కింద బోర్లించాను. ఆకుముద్ద సింకులో పడింది. దాంట్లోంచి రెండు పళ్లు నన్ను చూసి నవ్వాయి.

కొక్కెం తిప్పి చూశాను. 86.

నాకప్పుడు అర్థమైంది. ఆ రోజు జిగురు ముద్దలు అంటుకుంటే, తీసి టీలో ఆడించి ఉంటారు. మైకులో పిలవగానే మూత పెట్టేసి పరుగెత్తారు. గొట్టంలోకి వెళ్లేటప్పటికే ఆయన నోట్లో ఆ పళ్లు లేవు. అయిదు రోజులుగా మాస్టారు తన పళ్లని తానే కాచుకుని తాగుతున్నారు.

కుళాయి కట్టలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి. ఆ క్షణంలో ఏమనుకున్నానో దాచను. పళ్లని కాలవలోకి వదిలేస్తే ఎవరికీ తెలియదు. లువో సంతోషిస్తాడు, పాంగ్ సున్నా పూర్తవుతుంది, మాస్టారు మందలింపుతో ఇంటికెళ్తారు. ఇవి బయటపెడితే మళ్లీ బయటి వస్తువు కావాలి, అప్పుడందరి చూపూ నా ఆరో పిన్ను మీదకే వస్తుంది. కాలవ కన్నం కూడా సరిగ్గా రెండు పళ్లు పట్టేంత ఉంది. కానీ ఆ ఇంజను షెడ్డులోనే ఉండిపోదు. ఏదో ఒక రోజు దాన్ని విమానంలో బిగిస్తారు, ఎవరో ఒక కుర్రాడు దాని ముందు కూర్చుంటాడు. వాడి వెనకాల పదిహేడో రెక్క ఉంటుంది. అదికాక మాస్టారు ఆ సాయంత్రం వేలు మడుచుకోవడం నా కళ్ల ముందు నుంచి పోవడంలేదు.

కుళాయి కట్టేసి, మాస్టారి దగ్గరికెళ్లి చెయ్యి చాపాను.

ఆయన చాలాసేపు ఆ పళ్లని చూశారు. తర్వాత మగ్గు చూశారు. "కడిగేశావా?" అన్నారు ముందు, బాధగా.

"కడిగేశాను."

"పాతికేళ్ల మరక." పళ్లు తీసుకుని చొక్కాకి తుడిచారు. ఇంకా పెట్టుకోలేదు. "ఇవి చూపిస్తే నీ పిన్ను గొడవ మళ్లీ వస్తుంది షూ. భయంగా లేదూ?"

"ఉంది."

"నాకూ ఉంది. లువో మొహం గుర్తొస్తే ఇంకా భయం." పళ్లు నోట్లో బిగించుకున్నారు. టక్కున కొక్కెం పట్టింది. "పద."

మీటింగు గదిలో మధ్య కుర్చీలో బీజింగ్ నుంచి వచ్చిన పెద్దావిడ, పక్కన రాసుకోవడానికి ఒకతను. పాంగ్ రిపోర్టు నలభై నిమిషాలు చదివాడు. 'తుమ్ము వేగం' అని ఒక పట్టిక కూడా ఉంది. మాస్టారు నేల చూపులు చూస్తూ నోరు మెదపకుండా కూర్చున్నారు. చివర్లో లువో ఉత్సాహం పట్టలేకపోయాడు.

"మేడమ్ గారికి ఒక్కసారి చూపిద్దామా మాస్టారూ? తుమ్మి చూపించండి, నోరు ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, ఊరికే ఎలా వంగారో తెలుస్తుంది."

మిరప్పొడి పొట్లం ముందే సిద్ధంగా ఉంది. మాస్టారు లేచి పీల్చారు. కిటికీ అద్దాలు గడగడలాడేలా తుమ్మారు. తర్వాత తల ఎత్తి, బీజింగ్ ఆవిడకేసి నిండుగా నవ్వారు.

పాంగ్ ముందు తెల్లబోయాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు. "మాస్టారూ, అది సాక్ష్యం. సీలు వేసిన సాక్ష్యాన్ని నోట్లో ఎలా పెట్టుకుంటారు?"

"నీ చేతిలో ఏముంది?" అన్నారు మాస్టారు.

పాంగ్ చేతిలోకి చూసుకున్నాడు. సీలు వేసిన సంచి, లోపల పళ్లు. 99. అతను సంచి చూశాడు, మాస్టారి నోరు చూశాడు, మళ్లీ సంచి చూశాడు.

నేను లేచాను. "అవి పాతవే. 86. మాస్టారి టీ మగ్గు అడుగున దొరికాయి. పొద్దున నేనే తీశాను. అవి అసలు గొట్టంలోకి వెళ్లనేలేదు."

లువో మొహంలో రంగులు మారాయి. అతను తెలివైనవాడు, ఆ సంగతి ఒప్పుకోవాలి. రెండు క్షణాల్లో తేరుకున్నాడు. "అయితే మొదట అనుకున్నదే నిజం. ఈ అమ్మాయి పిన్ను. బయటి వస్తువు బయటి వస్తువే కదా మేడమ్, ఒక పేరు మార్చుకుంటే చాలు."

అందరూ నా తల వైపు చూశారు.

"పాంగ్," అన్నారు మాస్టారు. "ల్యాబు కాగితం తియ్యి. గంట్లలో అంటుకున్నది ఏ లోహమో గట్టిగా చదువు."

"టైటానియం."

"షూ, ఒక పిన్ను ఇలా ఇవ్వు."

తలలోంచి ఒకటి తీసిచ్చాను. మాస్టారు గోడ దగ్గరికెళ్లారు. అక్కడ ఇనప బోర్డుకి రిపోర్టు బొమ్మలు అయస్కాంతాలతో అంటించి ఉన్నాయి. ఒక అయస్కాంతం తీసి పిన్నుకి దగ్గరగా పెట్టారు. పిన్ను టపీమని అతుక్కుంది. తర్వాత తన పళ్లు తీసి, కొక్కెం దానికి ఆనించి వదిలారు. పళ్లు జారి బల్ల మీద పడ్డాయి.

"పిన్ను ఇనుము," అన్నారు గాలి మాటలతో. "ఇనుము కాదు అక్కడ అంటుకుంది. నా పళ్లు మగ్గులో ఉన్నాయి. మరి ఆ గొట్టంలో టైటానియంవి ఇంకేం ఉన్నాయి పాంగ్?"

పాంగ్ ల్యాబు కాగితం మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. అతన్ని నేను ఎన్నో తిట్టుకున్నాను గానీ, ఆ జవాబు చెప్పింది అతనే.

"రెక్కలు."

"ముప్పై రెండు ఉన్నాయి," అన్నారు మాస్టారు. "నేను ఒక్కదాని గురించే చెప్పాను."

బీజింగ్ ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. రెక్క కోసి చూడమంది.

అక్టోబరు ఒకటిన మేమంతా క్యాంటీనులో టీవీ ముందు కూర్చుని కవాతు చూశాం. తెర మీద విమానాలు వరసకట్టి పోతుంటే లువో పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చున్నాడు. కవాతు మధ్యలో పాంగ్ తలుపు దగ్గర నిలబడి మాస్టారిని బయటికి పిలిచాడు. నేనూ వెళ్లాను.

అతని చేతిలో కోసిన రెక్క ఫొటో. విరిగిన చోట ఉంగరాల్లా సన్నటి గీతలు, ఒకదాని వెనక ఒకటి.

"పాత పగులే," అన్నాడు పాంగ్. "కనీసం నలభై గంటల నాటిది. రెక్క మీది పూత దాన్ని మూసేయడంతో రంగు లోపలికి పోలేదు." తర్వాత కష్టపడి అన్నాడు: "మీ వేలు సరిగ్గానే చెప్పింది మాస్టారూ."

మాస్టారు ఫొటో తీసుకుని, ఆ గీతల మీద చూపుడు వేలు ఆనించారు. కాగితం మీద ఏం తగులుతుంది. అయినా వేలు అక్కడే ఉంచారు. ఆ ఇంజను మీద ఆయన పన్నెండేళ్లు పనిచేశారు. ఇప్పుడది పోయింది, ఇంకోటి పూర్తయ్యేలోపు ఆయన రిటైరైపోతారు. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

"దీన్ని బిగించిన విమానాన్ని ఎవరు నడిపేవారో తెలుసా?" అని అడిగారు.

"ఇంకా పేరు రాలేదు."

"పేరు రాకముందే విరిగింది. మంచిది," అన్నారు. ఫొటో తిరిగిచ్చి, లోపలికెళ్లి మిగతా కవాతు చూశారు.

పాంగ్ మాత్రం పాంగే. పళ్లు పోయాయని తప్పుగా చెప్పడం కూడా ఒక తప్పే కాబట్టి, దాన్నీ సున్నా చేయాలన్నాడు. మాస్టారు రిటైరయ్యే ముందు వారం రోజులు, మళ్లీ జరిపి చూపించడం కోసం, పళ్లు టీలో వేసి మర్చిపోవడానికి ప్రయత్నించారు. గుర్తుపెట్టుకుని మర్చిపోవడం కుదరక అది ఇప్పటికీ తెరిచిన ఫైలుగానే ఉంది. నా ఆరో పిన్ను డిసెంబరులో మా ఇంట్లో దిండు గలీబులో దొరికింది. అంటే ఆ రోజు నా తల్లో ఉన్నవి అయిదే, అలవాటు కొద్దీ ఆరని రాసేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే దాన్ని కూడా సున్నా చేయాలి.

ఎనిమిదో ఇంజను ఏడాదిన్నర తర్వాత షెడ్డుకి వచ్చింది. నూట తొంభై గంటల దగ్గర తనిఖీకి ఆపారు. ఇప్పుడు గొట్టంలోకి వెళ్లేది నేను. బోర్డు రాసేది పాంగ్, పట్టుబట్టి తనే తీసుకున్నాడు. నేను జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాను. నోరు తెరిచాను, అతను పెన్సిలుతో సరిచూశాడు.

"పిన్నులు లేవు. పళ్లు ఇరవై తొమ్మిది, అన్నీ సొంతవే," అని గట్టిగా చదివి రాసుకున్నాడు.

లోపల టార్చి ఆర్పేసి, కళ్లు మూసుకుని, ఒక్కొక్కటీ తడుముకుంటూ పోయాను. నేను మిరపకాయ ముట్టుకోక అప్పటికి ఏడాది దాటింది. ఇరవై మూడో రెక్క దగ్గర వేలు ఆగింది. మళ్లీ తడిమాను. మళ్లీ అక్కడే ఆగింది.

"ఇరవై మూడోది," అని లోపల్నించి అరిచాను. "వెంట్రుక ఉంది."

బయట పాంగ్ రంగు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. అతను పాక్కుంటూ వచ్చి పూశాడు, తుడిచాడు, దీపం పెట్టాడు. ఏమీ కనబడలేదు. ఇద్దరం గొట్టంలో పక్కపక్కన పడుకుని ఆ శుభ్రమైన రెక్కని చూస్తూ ఉండిపోయాం. బయటినుంచి లువో గొంతు వచ్చింది.

"రంగు ఏమంటోంది?"

"ఏమీ లేదంటోంది," అన్నాడు పాంగ్.

"వేలు?"

"ఉందంటోంది."

లువో వాచీ చూసుకుంటున్నాడని నాకు తెలుసు. ఆ ఏడు కూడా ఏదో పండగ ఉంది.

"విప్పండి," అన్నాడు.